'1943 ఫ్రెంచి ఒరిజినల్' అంటున్న పోస్టరు: కొనొచ్చా, కొంటే కావలి తేమలో నిలుస్తుందా?

కావలి_టాకీస్:

యుద్ధకాలపు యూరప్ సినిమా పోస్టర్లు సేకరించడం మొదలుపెడదామని చూస్తున్నా. ఇప్పటిదాకా నా దగ్గర ఉన్నవన్నీ మన వాల్‌పోస్టర్లే. మద్రాసు లితోలు (రాతి మీద గీసి అచ్చేసినవి) కొన్ని, మిగతావి శివకాశి ఆఫ్‌సెట్లు. వాటి కాగితం, కొలతలు, రీ-రిలీజు తేడాలు తెలుసు. యూరప్ సరుకు మాత్రం కొత్త.

ఫ్రాన్స్‌లో ఒక అమ్మకందారు ఒక హాలీవుడ్ సినిమాకి ఫ్రెంచి పోస్టరు అమ్మకానికి పెట్టాడు. "1943, ఒరిజినల్, లితోగ్రాఫ్, 120×160 సెం.మీ., మడతలు ఉన్నాయి" అని రాశాడు. అడుగుతున్నది 450 యూరోలు, పంపే ఖర్చు వేరే. సినిమా అమెరికాలో 1943లోనే విడుదలైంది, కాబట్టి ఏడాది సరిపోతున్నట్టే ఉంది. ఫొటోలు మూడే పెట్టాడు: ముందువైపు మొత్తం, ఒక మూల, మధ్య మడత.

అడగాల్సినవి మూడు. ఇది నిజంగా ఆ కాలంలో అచ్చయిందేనని ఇక్కడ కూర్చుని ఎట్ట తేల్చుకోవాలి? దాన్ని ఇండియాకి తెప్పించేటప్పుడు చిక్కులు ఏంది? మా ఇల్లు సముద్రానికి దగ్గర, వానాకాలంలో గోడలు చెమ్మెక్కుతాయి. 80 ఏళ్ల కాగితాన్ని ఈ ఊళ్లో ఎట్ట నిలుపుకోవాలి? ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాలని ఉంది.

---

ఒంగోలు_లితో:

అన్నా, కాగితం దాకా పోనవసరం లేకుండానే ఆ '1943' అన్న మాట కొట్టేయొచ్చు. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో హాలీవుడ్ సినిమా విడుదలయ్యే వీలే లేదు. 1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోయాక జర్మన్ల చేతిలో ఉన్న ఉత్తర భాగంలో అమెరికన్, బ్రిటిష్ సినిమాలు ఆపేశారు. దక్షిణాన జర్మన్లకి లోబడి నడిచిన విషీ అనే ఫ్రెంచి ప్రభుత్వం కింద ఇంకొన్నాళ్లు ఆడినా, 1942 నవంబరు 11న జర్మన్ సైన్యం అక్కడికీ దిగింది. మళ్లీ తలుపులు తెరుచుకున్నది 1944 ఆగస్టులో పారిస్ విముక్తి తర్వాతే. ఈ మధ్యలో పోగుపడిన అమెరికన్ సినిమాలన్నీ 1945 నుంచి 48 దాకా వరసపెట్టి వచ్చాయి. మీకు చూపిస్తున్న పోస్టరు మంచిదే అయితే ఆ వరసలోది అయ్యుంటుంది. ఒక్క మినహాయింపు ఉంది. 1942 నవంబరులో మిత్రసేనలు దిగిన అల్జీరియా, మొరాకోల్లో వేసిందని అమ్మేవాడు వాదిస్తే, అడుగున అచ్చాపీసు ఊరి పేరు చూపించమనండి. పారిస్ అని ఉంటే ఆ వాదన అక్కడితో అయిపోయింది.

అతను మోసం చేస్తున్నాడని అనడం లేదు. సినిమా పుట్టిన ఏడాదినే పోస్టరు ఏడాదిగా రాసేయడం యూరప్ అమ్మకందార్లలో చాలామందికి అలవాటు. సేకరించేవాళ్లకి కావాల్సింది ఆ దేశంలో ఆ ప్రింటు వేసిన ఏడాది. ఈ తేడా ఎంత దూరం పోతుందో చూడండి: కాసాబ్లాంకా 1942 సినిమా. లుయీజీ మార్టినాటి గీసిన దాని ఇటాలియన్ పోస్టరు 1946ది. అదే 2017లో అమెరికా వేలంలో 4,78,000 డాలర్లు పలికింది. దాన్ని ఎవరూ 1942 అని రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు. యుద్ధం అయిపోయాక వేసిన మొదటి విడుదల పోస్టరుకి దాని గౌరవం దానికుంటుంది. మీరు మాత్రం "యుద్ధకాలపు" అని ఎక్కువ డబ్బు పెట్టకూడదు.

దేశం దేశానికీ కథ వేరు, కాబట్టి కొనే ముందు ఆ దేశం చరిత్ర చూసుకోవాలి. ఇటలీలో సినిమా దిగుమతిని ప్రభుత్వం గుత్తకి తీసుకోవడంతో 1939 జనవరి నుంచి హాలీవుడ్ కంపెనీలు మెట్రో, ఫాక్స్, పారామౌంట్, వార్నర్ నాలుగూ తప్పుకున్నాయి. ఈ నాలుగింటి సినిమాకి '1941 ఇటాలియన్ మొదటి విడుదల' అని కనిపిస్తే అనుమానించండి. జర్మనీలో 1942లో కంపెనీలన్నీ ఉఫీ అనే ఒకే గొడుగు కిందికి వచ్చాయి, పంపిణీ కూడా ఒకే సంస్థ చేతికి పోయింది. అందుకే ఆ తర్వాతి పోస్టర్ల మీద పంపిణీదారు పేరు మారుతుంది. వాళ్ల సెన్సారు లాంటి ఎఫ్‌ఎస్‌కే మొదలైంది 1949 జులైలో. పోస్టరు మీద ఆ మూడక్షరాలు అచ్చయి ఉంటే అది యుద్ధకాలపుది కానే కాదు, బొమ్మ పాతదే అయినా ప్రింటు కొత్తది.

బ్రిటన్‌లో నిషేధం లేదు, కానీ 1940 నుంచి కాగితానికి రేషన్ వచ్చింది. పల్చటి కాగితం, తక్కువ రంగులు, చిన్న సైజులు. పాత పోస్టర్లని చిత్తుకాగితం సేకరణలో గుజ్జుకి వేసేశారు, అవి అరుదవడానికి అసలు కారణం అదే. అక్కడి మామూలు పోస్టరు సైజు క్వాడ్, అంటే 30×40 అంగుళాలు, మన సింగిల్ షీట్‌ని అడ్డంగా తిప్పినట్టు. సెన్సార్ గుర్తు చూస్తే కాలం తెలిసిపోతుంది: యు, ఏ, హెచ్ ఉంటే ఇబ్బంది లేదు, ఎక్స్ ఉంటే 1951 లేక ఆ తర్వాతిది. ఈలింగ్ స్టూడియో 1940ల్లో జాన్ పైపర్, ఎడ్వర్డ్ బాడెన్ లాంటి చిత్రకారుల చేత గీయించిన పోస్టర్లు మాత్రం మనలాంటివాళ్లకి అందవు.

నిజంగా యుద్ధంలో అచ్చయిన ఫ్రెంచి పోస్టరే కావాలంటే ఫ్రెంచి సినిమాలవి వెతకండి. 1940లో పారిస్‌లో జర్మన్ పెట్టుబడితో పెట్టిన కాంటినెంటల్ ఫిల్మ్స్ 30 సినిమాలు తీసింది. వాటి మొదటి విడుదల పోస్టరు మీద ఆ కంపెనీ పేరు ఉంటుంది. యుద్ధం తర్వాత మళ్లీ వదిలినప్పుడు వేరే పంపిణీదారు పేరుతో కొత్తవి వేశారు, రెంటినీ కలిపేయకండి.

తక్కువ డబ్బుతో మొదలెట్టాలంటే స్వీడన్, స్పెయిన్. రెండూ యుద్ధంలో చేరలేదు, రెండు చోట్లా హాలీవుడ్ సినిమాలు ఆడాయి. స్వీడన్ పోస్టరు 70×100 సెం.మీ., ఎరిక్ రోమన్ సంతకం ఉన్నవి బోలెడు, లితో పని చాలా బాగుంటుంది. స్పెయిన్‌లో హాలు దగ్గర పంచే కరపత్రాలు, 'ప్రోగ్రామా దె మానో' అంటారు. అరచేతిలో పట్టేంత కాగితం. ముందు పోస్టరు బొమ్మ, వెనక హాలు పేరు, ఆట తేదీ ఒత్తి ఉంటాయి. తేదీ ఉన్నది దొరికితే ఆ కాలం గురించి ఇంకెవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. చాలావాటికి కొద్ది యూరోలే. వెనక ఖాళీగా ఉన్నవి ఏజెంట్లకి పంపిన నమూనాలు కావచ్చు, తప్పుపట్టనక్కర్లేదు కానీ వాటిమీద కాలం రుజువు ఉండదు.

---

పెన్నా_ప్రింట్స్:

లితో గారు చరిత్ర చెప్పారు కాబట్టి నేను కాగితం సంగతి చెప్తా. మూడు ఫొటోలతో ఏదీ తేలదు. ఇవి అడిగి తీసుకోండి: వెనకవైపు మొత్తం, నాలుగు మూలలు, అడుగు అంచు దగ్గరగా, మడతలు కలిసే చోటు దగ్గరగా, టేపు పక్కన పెట్టి పొడవు వెడల్పు, పదింతల భూతద్దంలోంచి ఫోనుతో తీసిన అక్షరాల అంచు. చివరగా చీకట్లో యూవీ టార్చి వేసి ఒక చిన్న వీడియో. ఇంత అడిగితే చిరాకు పడేవాడి దగ్గర 450 యూరోల సరుకు కొనకపోవడమే మేలు.

అడుగు అంచులో అచ్చాపీసు చిరునామా ఉంటుంది. అందులో పోస్టల్ కోడ్ ఉందా చూడండి. ఫ్రాన్స్ ఐదంకెల కోడ్ 1972లో వచ్చింది, మన పిన్‌కోడూ అదే ఏడాది. ఇటలీది 1967, జర్మనీ నాలుగంకెల కోడ్ 1961. ఈ కోడ్ కనబడితే ఇంకేం చూడనక్కర్లేదు. సోవియట్ పోస్టరైతే అడుగునే ప్రచురణకర్త, చిత్రకారుడు, ఎన్ని కాపీలు వేశారు, ధర ఎంత అనేవి వరసగా ఉంటాయి, చాలావాటికి అచ్చుకి సంతకం చేసిన తేదీ కూడా. అంత సమాచారం ఇచ్చిన దేశాలు తక్కువ. ఆ వరస కత్తిరించి ఉంటే ధర సగానికి సగం పడాల్సిందే.

ఇక భూతద్దం. రాతి లితోలో చుక్కల వల కనబడదు. క్రేయాన్‌తో గీసిన గరుకు గింజలా, ఒక పద్ధతి లేకుండా ఉంటుంది. ఒక రంగు మీద ఇంకో రంగు పొరలా పడి, అంచుల్లో అర మిల్లీమీటరు జరిగి కనిపిస్తుంది. అక్షరాలు గట్టి సిరాతో నిండుగా ఉంటాయి. పాతదాన్ని ఫొటో తీసి మళ్లీ అచ్చేస్తే ఆ అక్షరాల అంచులు కూడా నాలుగు రంగుల చుక్కలుగా విరిగిపోతాయి. ఇంక్‌జెట్ అయితే చుక్కలు చల్లినట్టు ఉంటాయి. ఒక జాగ్రత్త: ఆ కాలంలో ఫొటో వాడిన ఆఫ్‌సెట్, గ్రావ్యూర్ పోస్టర్లూ ఉన్నాయి, కాబట్టి బొమ్మలో చుక్కలున్నంత మాత్రాన నకిలీ అనొద్దు. అక్షరాల్లో నాలుగు రంగుల చుక్కలుంటేనే అనండి. మీదాన్ని లితో అని అమ్ముతున్నాడు గాబట్టి బొమ్మలో కూడా ఉండకూడదు.

మడతల్లో దొరికిపోయేవాళ్లు చాలామంది. పాత పోస్టరు స్కాన్ చేసినప్పుడు దాని మడత గీతలు కూడా బొమ్మలో వచ్చేస్తాయి. నకిలీ మీద తెల్ల గీత అచ్చయి ఉంటుంది గానీ కాగితం నున్నగా ఉంటుంది. వెనక్కి తిప్పి ఏటవాలుగా లైటు పెడితే అక్కడ గాడే కనబడదు. నిజమైన మడతలో సిరా రాలి కింద కాగితం పీచు లేచి ఉంటుంది, నాలుగు మడతలు కలిసే చోట చిన్న రంధ్రం పడి ఉంటుంది.

పసుపు రంగు కూడా చూసుకోవాలి. యుద్ధకాలపు కాగితం ఎక్కువగా కొయ్యని నూరి చేసిన గుజ్జు. అందులో లిగ్నిన్ (కొయ్యలో ఉండే పదార్థం) ఉంటుంది, సిరా పాకకుండా పటిక వేసి సైజింగ్ చేస్తారు, రెండూ కలిసి ఆమ్లం పెంచి కాగితాన్ని గోధుమరంగుకి తిప్పి పెళుసు చేస్తాయి. కానీ ఆ రంగు ఎక్కడపడితే అక్కడ సమానంగా రాదు. మడిచి పెట్టిన పోస్టరు విప్పితే బయటికి ఉన్న ఒకటి రెండు గళ్లు బాగా ముదురు, లోపలి గళ్లు లేత, అంచుల్లో ఒక పట్టీ. టీ నీళ్లలో ముంచి పాతది చేసినదైతే రంగు అంతటా ఒకేలా ఉండి, అక్కడక్కడా నీటి మరక అంచు కనబడుతుంది.

యూవీ టార్చి 365 నానోమీటర్లది తీసుకోమనండి, 395వి ఊదారంగు వెలుగు ఎక్కువ చల్లి మోసం చేస్తాయి. పక్కన మామూలు జిరాక్సు కాగితం పెట్టించండి. అది నీలంగా మెరుస్తుంది. తెల్లదనం కోసం కలిపే ఆ రసాయనాలు కాగితంలో వాడకానికి వచ్చింది యుద్ధం తర్వాతే, 1950 ప్రాంతం నుంచి బాగా పెరిగింది. మీ పోస్టరు కాగితం కూడా అట్టే మెరిస్తే వదిలేయండి. మెరవకపోతే మాత్రం ఒరిజినలని రుజువైనట్టు కాదు, అడ్డం తగిలే కారణం ఒకటి తగ్గిందంతే. ముక్కలు ముక్కలుగా మెరిస్తే అక్కడ మరమ్మతు చేశారు, లేదా వెనక అంటించిన గుడ్డ మెరుస్తోంది.

కొలత: ఫ్రెంచి పెద్దది 120×160, మధ్యది 60×80, సన్నటి నిలువుది 60×160. రెండు మూడు సెంటీమీటర్ల తేడా మామూలే. 61×91 అంటే 24×36 అంగుళాలు. అది గోడకి అలంకారంగా అమ్మే రీప్రింట్ల సైజు, పాత ఫ్రెంచి సినిమా హాళ్లకి మామూలుగా వేసిన సైజు కాదు.

జర్మనీ నుంచి ఎప్పుడైనా కొంటే ఇంకోటి. అక్కడ నాజీ గుర్తుల్ని బహిరంగంగా చూపడం శిక్షాస్మృతి 86ఏ సెక్షను కింద నేరం. అందుకని అమ్మేవాళ్లు ఫొటోలో ఆ చోట కాగితం ముక్క పెట్టి కప్పేస్తారు. దాన్ని చిరుగు అనుకుని బేరం ఆడకండి. కొన్ని అమ్మకపు సైట్లు ఆ గుర్తులున్న సరుకుని అసలు పెట్టనివ్వవు.

---

కావలి_టాకీస్:

ఇద్దరికీ దండాలు. అడిగినవన్నీ పంపాడు, చిరాకు పడలేదు. కొలత 118×157. అడుగున పారిస్ అచ్చాపీసు పేరు, వీధి ఉన్నాయి, కోడ్ లేదు. కుడివైపు ఆర్.సూబీ అని సంతకం. అక్షరాలు భూతద్దంలో నిండుగా ఉన్నాయి, ముఖంలో గరుకు గింజ. 16 గళ్లుగా మడిచారు, వెనక రెండు గళ్లు ముదురు గోధుమ. నాలుగు చోట్ల సూదిమొనంత రంధ్రాలు. యూవీలో కాగితం మెరవలేదు, కానీ వెనక మధ్య మడత పొడుగూతా ఒక పట్టీ నీలంగా మెరిసింది. ఎడమ పైన ఒక రెవెన్యూ స్టాంపు లాంటిది అంటించి ఉంది. దాన్ని తీసేయాలా?

---

ఒంగోలు_లితో:

స్టాంపు తీయొద్దు! పోస్టరు గోడకెక్కించడానికి కట్టిన పన్ను స్టాంపు అది. అది ఉంటే వాడిన పోస్టరు, లేకపోతే హాలుకి పోకుండా మిగిలింది, రెండూ అసలైనవే. స్టాంపు మీద ముద్ర తేదీ చదవగలిగితే ఏడాది గొడవ అక్కడే తీరిపోతుంది, దగ్గరగా ఒక ఫొటో అడగండి.

రోజే సూబీ ఆ కాలపు పెద్ద చేతుల్లో ఒకరు, బోరిస్ గ్రిన్సన్ లాగే. మిగతావన్నీ 1945-48 మొదటి విడుదలకి సరిపోతున్నాయి. మెరిసిన పట్టీ ఎప్పుడో ఎవరో వేసిన అతుకు టేపు. దాని జిగురు కాగితంలోకి ఇంకి ఉంటే ముందువైపు కూడా మరక తేలుతుంది, ముందు ఫొటోలో ఆ మడత మీద నూనె మరకలాంటిది ఉందేమో చూడండి. బేరం ఈ రెంటి మీదే ఆడాలి: ఏడాది తప్పు, టేపు. అదే పోస్టరు, అదే సైజు వేలంలో ఎంతకి పోయిందో పాత ఫలితాలు చూసి, అందులోంచి తీసేయండి. వేలం ధర చూసేటప్పుడు కొనేవాళ్ల కమిషన్ కలిపారా లేదా గమనించండి, 20 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. బిల్లు మీద "మొదటి ఫ్రెంచి విడుదల, సుమారు 1946" లాంటి మాట రాయించుకోండి. రేపు మీరు అమ్మాల్సి వస్తే అదే కాగితం పనికొస్తుంది.

తెప్పించడం. గొట్టంలో చుట్టి పంపుతా అంటాడు, వద్దనండి. 80 ఏళ్లుగా అవే మడతల్లో ఉన్న కాగితం, అవే మడతల్లో పంపితే దానికి ఏమీ కాదు. 16 గళ్ల మడతలో 30×40 సెం.మీ. అవుతుంది. రెండు గట్టి అట్టల మధ్య, పాలిథిన్ కవర్లో, 45×35×3 ప్యాకెట్టు. కొరియర్ వాళ్లు పొడవు×వెడల్పు×ఎత్తుని 5000తో భాగించి బరువు కడతారు కాబట్టి ఇది ఒక కిలో లోపే. 130 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. గొట్టం అయితే అదే లెక్కలో దాదాపు 6 కిలోలు, పైగా పొడుగు వస్తువుకి అదనపు రుసుము. గుడ్డ వేసిన పోస్టరుని మాత్రం మడవకూడదు, దానికి గొట్టమే.

కస్టమ్స్‌కి పాన్, ఆధార్‌తో కేవైసీ అడుగుతారు, ముందే సిద్ధంగా పెట్టుకోండి. ఇన్‌వాయిస్ మీద "పాత అచ్చు సినిమా పోస్టరు, కాగితం" అని, అసలు ధరే రాయాలి. 'గిఫ్ట్ 20 యూరోలు' అని రాయమని అడగొద్దు. ప్యాకెట్టు పోతే బీమా 20 యూరోలకే వస్తుంది, తెరిచి చూస్తే జరిమానా వేరే. వందేళ్లు నిండలేదు కాబట్టి పురావస్తువు కింద రాదు, ఆ మాట ఇన్‌వాయిస్‌లో ఎక్కడా వాడనివ్వకండి. సుంకం మీద పన్ను, ఆ లెక్కలో పోస్టేజి, బీమా కూడా కలుస్తాయి. ఎంతవుతుందో కొనకముందే కొరియర్ వాళ్లని రాతలో అడగండి. ఇటలీ నుంచి కొనేటప్పుడు ఇంకో మెలిక ఉంది: 70 ఏళ్లు దాటిన వస్తువు బయటికి పంపాలంటే అమ్మేవాడు అక్కడి ఎగుమతి కార్యాలయంలో పత్రం దాఖలు చేయాల్సి రావచ్చు. అది అతని పనే అని ముందే ఒప్పించుకోవాలి.

---

మైపాడు_తీరం:

నిల్వ సంగతి ఎవరూ ఎత్తలేదు, మనకి అసలు గండం అదే.

ప్యాకెట్టు రాగానే తెరిచి హాల్లో పరవకండి. ముందు అట్టే పాలిథిన్‌లో మూడు వారాలు వేరుగా ఉంచండి. యూరప్ అటకల్లోంచి వచ్చే కాగితంలో పురుగు గుడ్లు ఉండొచ్చు. లోపల పొడి రాలితే డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు. గాలి తీసి గట్టిగా మూసిన కవర్లోనే పెట్టాలి, బయటికి తీసాక పూర్తిగా మామూలు వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు, విప్పితే కాగితం మీదే నీరు పడుతుంది.

తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గది 80 దాటుతుంది, రోహిణి కార్తెలో పడమటి గాలికి బాగా పడిపోతుంది. ఈ ఎక్కడం దిగడమే మడతల్ని చీలుస్తుంది. 65 దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు. కాబట్టి గదిని కాదు, పెట్టెని అదుపులో పెట్టండి. మూత గట్టిగా పట్టే పాలీప్రొపిలీన్ డబ్బా, 100 లీటర్లది. అందులో పోస్టరుని మైలార్ (పాలిస్టర్ పొర) కవర్లో, ఆమ్లం లేని అట్ట మీద, తన మడతల్లోనే పడుకోబెట్టండి. పీవీసీ కవర్లు వద్దు, అవి మెత్తబడి సిరాని లాగేస్తాయి. డబ్బాకి 2 కిలోల సిలికా జెల్ పడుతుంది, ఘనమీటరుకి 20 కిలోలని మ్యూజియం లెక్క.

ఇక్కడ అందరూ చేసే తప్పు: బాగా ఎండబెట్టిన జెల్ తెచ్చి నేరుగా పెట్టడం. అది డబ్బాని 20, 30 శాతానికి లాగేస్తుంది, పెళుసు కాగితం వంచగానే విరుగుతుంది. ముందు జెల్‌ని వేరే డబ్బాలో తేమ మీటరుతో పాటు పెట్టి, తడిగుడ్డ ఒకటి పక్కన ఉంచి, మీటరు 50 దగ్గర రెండు మూడు రోజులు నిలకడగా నిలిచాక వాడండి. రంగు మారే గింజలు కొంటే నారింజ-ఆకుపచ్చ రకం తీసుకోండి, నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది.

మీటరుని నమ్మే ముందు పరీక్షించాలి. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీళ్లు చిలకరించి, మీటరుతో కలిపి జిప్ కవర్లో పన్నెండు గంటలు ఉంచండి. 75 చూపించాలి. 71 చూపిస్తే ఎప్పుడూ నాలుగు కలుపుకోండి. దీనికి ఇస్కపల్లి కల్లుప్పు పనికిరాదు, అందులోని మెగ్నీషియం లవణాల వల్ల అంకె తప్పుతుంది. ప్యాకెట్ మెత్తటి ఉప్పే వాడండి. (ఇస్కపల్లి వాళ్లు ఏమనుకోవద్దు, ఆవకాయకి అదే.)

డబ్బా ఇనప బీరువాలో పెడితే మంచిది, చెదలు రావు. అడుగు అరలో మాత్రం వద్దు, 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు నెల్లూరులో నీళ్లు ఎంత దూరం వచ్చాయో మర్చిపోలేదుగా. బయటి గోడకి బీరువా ఆనకూడదు, నాలుగు అంగుళాలు వదలండి. కలరా ఉండలు, కర్పూరం డబ్బాలో వేయకండి, వాటి ఆవిరి సిరా మీదా ప్లాస్టిక్ మీదా పేరుకుంటుంది.

ఫ్రేము గురించి. లామినేషన్ చేయిస్తే ఆ పోస్టరు ఇక పోస్టరు కాదు, మళ్లీ విడదీయడం కుదరదు. బజార్లో ఫ్రేము కట్టేవాళ్లు హార్డ్‌బోర్డుకి జిగురుతో అంటించి పైన అద్దం ఆనిస్తారు. మనకి కావాల్సింది దానికి పూర్తిగా తిరగబడిన పని: యూవీ ఆపే యాక్రిలిక్ షీటు, పోస్టరుకీ దానికీ మధ్య కనీసం 5 మి.మీ. ఖాళీ, వెనక నూలు అట్ట, పై అంచులో మాత్రమే జపాన్ కాగితం పట్టీలు గోధుమ గంజితో. వెనక గోడకీ ఫ్రేముకీ మధ్య సీసా బిరడాల్లాంటివి పెట్టి ఒక సెంటీమీటరు గాలి ఆడనివ్వాలి. 120×160 అంటే ఇది చిన్న ఖర్చు కాదు. నా మాట వింటే హాల్లో మంచి ఫొటో ప్రింటు పెట్టి, అసలుది డబ్బాలో ఉంచండి. ఆ మాత్రానికి ఎవరూ చిన్నచూపు చూడరు.

---

పెన్నా_ప్రింట్స్:

ఒక్క చోట కలపాలి. మధ్య మడత టేపు మీరు పీకొద్దు. పాత టేపు జిగురుకి ద్రావకాలు కావాలి, కొన్ని రంగులు వాటికి జారిపోతాయి. ఈ పని తెలిసినవాళ్లు బెంగళూరులో ఇంటాక్ (పాత కళావస్తువుల్ని కాపాడే సంస్థ) కన్సర్వేషన్ కేంద్రంలో ఉన్నారు. పంపే ముందే అంచనా అడగండి.

చిన్న సైజువి, 60×80 లోపువి మాత్రం ఇంట్లో చదును చేసుకోవచ్చు. ముందు అంచులో ప్రతి రంగు మీద డిస్టిల్డ్ వాటర్ ఒక చుక్క, అర నిమిషం ఆగి బ్లాటింగ్ పేపరుతో అద్దండి. రంగు అంటితే ఆపేయాలి, ఎరుపు ఎక్కువగా అంటుతుంది. అంటకపోతే మూతున్న టబ్బులో అడుగున తడి బ్లాటింగ్, దాని మీద ప్లాస్టిక్ జల్లెడ, దాని మీద పోస్టరు, రెండు గంటలు. నీళ్లు తగలకూడదు, ఆవిరి చాలు. తర్వాత పొడి బ్లాటింగుల మధ్య పెట్టి బరువు. చీమకుర్తి యార్డుల్లో దొరికే పాలిష్ గ్రానైట్ ముక్క రెండడుగులు రెండడుగులు, 20 మి.మీ. మందం, సుమారు 20 కిలోలు ఉంటుంది, అంతకన్నా చదునైన బరువు దొరకదు. అంచులకి మూలలు గుచ్చుకోకుండా కింద ఒక అట్ట వేయండి. అరగంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి, ఆ తర్వాత రోజుకోసారి వారం పాటు బ్లాటింగ్ మార్చాలి. మార్చకపోతే మన ఉక్కలో మూడో రోజుకే బూజు వాసన.

---

ఒంగోలు_లితో:

గుడ్డ వేయించమని ఎవరైనా చెప్తారు, తొందరపడకండి. గోధుమ గంజితో జపాన్ కాగితం మీద, దాని వెనక నూలు గుడ్డ మీద వేస్తే తిరిగి విడదీయొచ్చు, చిరుగులున్న పెద్ద పోస్టరుకి అది మంచిదే. వేడి ప్రెస్సులో ప్లాస్టిక్ పొరతో అంటించేది మాత్రం తిరిగి రాదు. మీదానికి నాలుగు సూది రంధ్రాలే, డబ్బాలో పడుకోబెట్టేటట్టయితే ఇప్పుడు ఏ పనీ అక్కర్లేదు. టేపు ముందువైపు తేలిందా లేదా ఆ ఫొటో ఒకటి పెట్టండి, ఎంతకి అడగాలో అప్పుడు చెప్తా.

---

కావలి_టాకీస్:

స్టాంపు దగ్గరి ఫొటో వచ్చింది. ముద్ర సగం చెరిగింది, ఏడాది చోట 47 అని చదవొస్తోంది. టేపు ముందువైపు తేలలేదు. బిల్లు మీద 1947 అని రాస్తానన్నాడు. 300 అడుగుతున్నా.